వర్టస్ జీటీ 1.5 తీసుకుంటున్నా: గేర్ బండా, డీఎస్జీనా? పది రోజుల్లో బుకింగ్

మియాపూర్_మలుపు
పదకొండేళ్ళుగా ఒక డీజిల్ హ్యాచ్‌బ్యాక్ నడుపుతున్నాను, ఐదు గేర్ల మాన్యువల్. ఇప్పుడు ఫోక్స్‌వ్యాగన్ సెడాన్ వర్టస్ జీటీ ఖాయం చేసుకున్నాం. 1.5 టర్బో పెట్రోల్, 150 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి శక్తి కొలత), 250 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). రంగు కూడా కుదిరింది. గేర్‌బాక్స్ దగ్గరే ఆగిపోయాను. 2022లో ఈ ఇంజిన్ ఏడు గేర్ల డీఎస్జీతో (క్లచ్ పెడల్ లేని డ్యుయల్ క్లచ్ ఆటోమేటిక్) మాత్రమే వచ్చింది, 2023లో ఆరు గేర్ల మాన్యువల్ కూడా ఇచ్చారు. అప్పటిదాకా ఎంచుకునే పనే లేదు, ఇప్పుడు అదే నా టెన్షన్.

రెండూ నడిపి చూశాను. డీఎస్జీ దుమ్ము లేపింది. కాలు నొక్కితే చాలు, గేరు ఎప్పుడు మారిందో కూడా తెలియదు. కానీ దిగి వచ్చాక ఏం చేశానో గుర్తులేదు. మాన్యువల్‌లో రెండు సార్లు తప్పు గేరు వేశాను, అయినా రాత్రి పడుకునే ముందు అదే గుర్తొచ్చింది.

వారానికి ఐదు రోజులు మియాపూర్ నుంచి రాయదుర్గం. నెలకోసారి శ్రీశైలం, ఏడాదికి రెండు సార్లు అరకు. మా ఆవిడ కూడా నడుపుతుంది. ఆఫీసులో ఒకాయన "స్పీడు బండి కొని ఆటోమేటిక్ ఏంటయ్యా" అంటాడు, మా మామయ్య "ఈ రోజుల్లో క్లచ్ తొక్కేవాడు ఎవడు" అంటాడు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

మూడోపెడల్
మాన్యువల్. రాత్రి పడుకునే ముందు ఏది గుర్తొచ్చిందో మీరే రాశారు. ఇంకా అడగడం దేనికి?

గచ్చిబౌలి_గడియారం
నెలకోసారి శ్రీశైలం కోసం మిగతా రోజులన్నీ బయోడైవర్సిటీ జంక్షన్‌లో క్లచ్ తొక్కుతారా? నేను ఆరేళ్ళు తొక్కాను. ఎడమ మోకాలికి ఫిజియోథెరపీ చేయించుకున్నాను. డీఎస్జీ తీసుకోండి.

ఆటోనగర్_స్పానర్
విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్ళుగా గేర్‌బాక్సుల పని చేస్తున్నాను. ముందు ఒక మాట. జనం ఆటోమేటిక్ అని ఒకే పేరుతో పిలిచేవి నాలుగు రకాలు. ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని ఒక మోటారు చేస్తుంది, అందుకే కుదుపు ఉంటుంది. సీవీటీలో బెల్టు, పుల్లీలు. టార్క్ కన్వర్టర్‌లో నూనె ద్వారా శక్తి వెళ్తుంది. నాలుగోది మీరు అడిగిన డ్యుయల్ క్లచ్. ఏఎంటీ నడిపి డీఎస్జీని తిట్టేవాళ్ళు మా షెడ్డుకి రోజూ వస్తారు.

డ్యుయల్ క్లచ్‌లో ఒక క్లచ్ మీద 1, 3, 5, 7 గేర్లు, రెండో దాని మీద 2, 4, 6. మీరు మూడులో పోతుంటే నాలుగు ముందే సిద్ధంగా కూర్చుని ఉంటుంది. ఒక క్లచ్ వదిలి ఇంకోటి పట్టుకోవడమే, మధ్యలో ఖాళీ ఉండదు. అందుకే అంత వేగం.

మన వర్టస్ జీటీలో ఉన్నది డ్రై క్లచ్ రకం, అంటే ప్లేట్లు నూనెలో మునిగి ఉండవు. వేడి పుడితే గాలికే పోవాలి. ట్రాఫిక్‌లో ముందు బండి రెండు అడుగులు జరిగితే మనమూ రెండు అడుగులు జరుపుతాం చూడండి, అదే దానికి శత్రువు. ఆ రెండు అడుగుల్లో క్లచ్ పూర్తిగా పట్టదు, జారుతూనే ఉంటుంది. ఈ గేర్‌బాక్సు తట్టుకునే హద్దు కూడా 250 న్యూటన్ మీటర్లే, ఇంజిన్ ఇచ్చేదీ అంతే. రీమ్యాప్ చేయించి, అంటే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పించి టార్క్ పెంచుకుందాం అనుకునేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

మియాపూర్_మలుపు
స్పానర్ గారూ, అంటే డీఎస్జీ మన ట్రాఫిక్‌కి పనికిరాదనా?

ఆటోనగర్_స్పానర్
అలా అనలేదు. నడపడం తెలియాలి. ముందు బండికి ఖాళీ వదలండి, ఆ ఖాళీ పెరిగాక ఒకేసారి కదలండి. ఎత్తు మీద బండిని యాక్సిలరేటర్‌తో ఆపి పట్టుకోకండి, బ్రేక్ తొక్కండి. బ్రేక్ గట్టిగా తొక్కి ఉంచితే అది క్లచ్‌ని దానంతటదే వదిలేస్తుంది. ఇలా నడిపి లక్ష కిలోమీటర్లు దాటించిన బండ్లు చూశాను. నలభై వేలకే మెకట్రానిక్ యూనిట్ (క్లచ్‌లని, గేర్లని నడిపించే భాగం) పోయి టో చేసుకుని వచ్చినవీ చూశాను. అది పోతే బిల్లు గట్టిగా ఉంటుంది, మాన్యువల్ క్లచ్ సెట్ అందులో చిన్న వంతు. వారంటీ పొడిగించుకోకుండా డీఎస్జీ తీసుకోవద్దు.

కడప_కార్బన్
మాన్యువల్ వాళ్ళు కూడా సగం క్లచ్ మీద కాలు పెట్టుకునే నడుపుతారు కదా. మా అన్నయ్య 35 వేలకే ప్లేట్లు మార్పించాడు.

ఆటోనగర్_స్పానర్
నిజం. కాలు క్లచ్ మీద విశ్రాంతిగా పెట్టుకునే అలవాటు ఉన్నవాళ్ళకి ఏ బండీ నిలవదు.

స్టాప్‌వాచ్_సుబ్బు
అనుభూతుల సంగతి తర్వాత, ముందు అంకెలు. పోర్షే 911 జీటీ3, 992 తరం: డ్యుయల్ క్లచ్‌తో 0 నుంచి 100కి 3.4 సెకన్లు, మాన్యువల్‌తో 3.9. బండి అదే, ఇంజిన్ అదే, అర సెకను తేడా. 480 పీఎస్ బీఎండబ్ల్యూ ఎం2 తీసుకోండి: ఆటోమేటిక్ 4.0, మాన్యువల్ 4.2. అక్కడ ఆటోమేటిక్‌కి టార్క్ కూడా 600 న్యూటన్ మీటర్లు ఇచ్చారు, మాన్యువల్‌కి 550 దగ్గరే ఆపేశారు. వేగమే పెర్ఫార్మెన్స్ అయితే ఈ చర్చ ముగిసి చాలా ఏళ్ళయింది.

ఇంకోటి. టార్క్ కన్వర్టర్ అంటే అంకుల్స్ బండి అనే మాట కూడా పాతబడింది. బీఎండబ్ల్యూ ఎం5 ఎఫ్90 తరంలో డ్యుయల్ క్లచ్ తీసేసి ఎనిమిది గేర్ల టార్క్ కన్వర్టర్ పెట్టారు. అంత శక్తిని రోజువారీ వాడకంలో మెత్తగా మోయడానికి అదే మేలని వాళ్ళకి అనిపించింది.

మూడోపెడల్
సుబ్బూ, నువ్వు చెప్పిన పోర్షే కథలో సగమే చెప్పావు. 2013లో జీటీ3ని డ్యుయల్ క్లచ్‌తో మాత్రమే తెచ్చారు, మాన్యువల్ ఇవ్వలేదు. ఆ బండి నిజంగానే వేగం. అయినా అభిమానులు ఊరుకోలేదు. 2016లో 911 ఆర్ అని ఆరు గేర్ల మాన్యువల్‌తో 991 బండ్లు మాత్రమే చేస్తే వాటిని కొన్న ధర కంటే ఎంతో ఎక్కువకి తిరిగి అమ్ముకున్నారు. 2017లో జీటీ3కి మాన్యువల్ తిరిగొచ్చింది. అర సెకను నెమ్మది అని తెలిసీ జనం దాన్నే అడిగారు. నాకు ఈ చర్చలో ముఖ్యమైన విషయం ఇదే. గడియారం ఓడిపోయిన చోట కూడా మనిషి కావాలనుకునేది ఏదో ఉంది.

స్టాప్‌వాచ్_సుబ్బు
ఉంది, కాదనను. దాన్ని పెర్ఫార్మెన్స్ అనకండి, అంతే.

ఎర్రకారు_89
వేళ్ళతో గేర్లు మార్చే ప్యాడిళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే ఈ గొడవ ఇంకా బాగుంటుంది. 1989 బ్రెజిల్ గ్రాండ్ ప్రీ, రియో. ఫెరారీ 640, జాన్ బర్నార్డ్ డిజైన్. స్టీరింగ్ వెనక రెండు ప్యాడిళ్ళు, క్లచ్ స్టార్ట్ కోసం మాత్రమే. ఫార్ములా వన్‌లో సెమీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో రేసు చేసిన మొదటి కారు అదే. పరీక్షల్లో అది ఎన్నిసార్లు ఆగిపోయిందో, రేసు పూర్తవుతుందని జట్టులో కూడా ఎవరూ నమ్మలేదు. నైజెల్ మాన్సెల్‌కి ఫెరారీతో మొదటి రేసు. గెలిచాడు! ఆ ఏడాది మిగతా రేసుల్లో అది చాలాసార్లు ఆగిపోయింది, కానీ కొన్నేళ్ళలో అందరూ అదే దారి పట్టారు.

1997లో ఫెరారీ ఎఫ్355తో ఆ ప్యాడిళ్ళు రోడ్డు మీదికి వచ్చాయి. 2009 నాటి 458 వచ్చేసరికి మాన్యువల్ అసలే లేదు. చేతులు స్టీరింగ్ మీదే ఉంచి మలుపు మధ్యలో గేరు మార్చగలగడం, అందుకోసం పుట్టింది ఇది. ఆఫీసుకి సుఖంగా పోవడానికి పుట్టింది కాదు. ఆటోమేటిక్ అంటే రేసింగ్ కాదు అనేవాళ్ళు ఇది గమనించాలి.

నల్లమల_నీడ
ఎర్రకారు అన్నా, ఇది తెలియదు. థ్యాంక్స్.

మూడోపెడల్
రేసులో గెలవాలంటే ప్యాడిళ్ళే. నేను రేసులో లేను కదా. నా అభిప్రాయం ఇంకా గట్టిగా చెప్తాను: ఆటోమేటిక్ తీసుకునేవాళ్ళలో ఎక్కువమంది నేర్చుకునే ఓపిక లేనివాళ్ళు. బద్ధకం.

ఎడమకాలు
మూడోపెడల్ గారూ, మీ పోస్టు రెండు సార్లు చదివాను. ఆగలేక రాస్తున్నాను.

నాకు రెండేళ్ళప్పుడు పోలియో వచ్చింది. ఎడమ కాలిలో బలం లేదు. చిన్నప్పుడు మా వీధిలో కార్ల బొమ్మల పుస్తకం నా దగ్గర ఒక్కడి దగ్గరే ఉండేది. ఏ కారుకి ఎన్ని సిలిండర్లో చెప్పేవాణ్ణి. నడపడం మాత్రం నాకు కుదరదని ఇంట్లో అందరూ ఒప్పేసుకున్నారు, నేనూ ఒప్పుకున్నాను. 34 ఏళ్ళకి ఆటోమేటిక్ బండితో లైసెన్స్ తెచ్చుకున్నాను. ఇప్పుడు డ్యుయల్ క్లచ్ టర్బో పెట్రోల్ నడుపుతున్నాను. మొదటిసారి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి మూడో గేరులో ప్యాడిల్ పట్టుకుని లాగినప్పుడు నార్సింగి దాకా ఏడుస్తూనే వెళ్ళాను.

బద్ధకం అన్నారు. నాకు ఆ మూడో పెడల్ మీద కోపం లేదు, అది నాకు తలుపు మూసింది, అంతే. ఈ గేర్‌బాక్స్ తెరిచింది. నేను మలుపుకి ముందు ఏ గేరు కావాలో మీలాగే ఆలోచిస్తాను. వేలితో వేస్తాను.

గచ్చిబౌలి_గడియారం
ఈ పోస్టు పైన పెట్టాలి.

మూడోపెడల్
తప్పు నాదే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పోస్టు తుడిచేయను, మీ జవాబు అర్థం కావాలంటే అది ఉండాలి. క్షమించండి. మీరు ఏ గేరు కావాలో ముందే ఆలోచిస్తానన్నారు చూడండి, నేను ఇన్నాళ్ళూ ప్రేమించింది దాన్నేనేమో, పెడల్‌ని అనుకున్నాను.

ఎడమకాలు
పర్వాలేదండి. మీ పోస్టుల నుంచే హీల్ అండ్ టో (బ్రేక్ తొక్కుతూనే అదే కాలితో యాక్సిలరేటర్ కొట్టడం) అంటే ఏంటో నేర్చుకున్నాను.

డల్లాస్_రెండోగేర్
ఇక్కడ అమెరికాలో పరిస్థితి వేరు. దొరికితే కదా ఎంచుకునేది. గోల్ఫ్ జీటీఐ మాన్యువల్ ఇక్కడ 2024 మోడల్‌తో ఆఖరు, 2025 నుంచి డీఎస్జీ ఒక్కటే. కొర్వెట్ అయితే 2020లో ఇంజిన్ వెనక్కి జరిపినప్పుడే మాన్యువల్ తీసేశారు. నేను సివిక్ ఎస్ఐ తీసుకున్నాను, అది మాన్యువల్‌లో తప్ప రాదు. డీలర్ దగ్గర టెస్ట్ డ్రైవ్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడికి అది నడపడం రాదు, పార్కింగ్ నుంచి నేనే తీశాను. మా అబ్బాయికి పదహారు నిండగానే దీని మీదే నేర్పాను. మా నాన్న నాకు గుంటూరులో అంబాసిడర్ మీద నేర్పిన మాటలతోనే: "క్లచ్ వదలకు, పాలు పొంగినట్టు మెల్లగా లేపు."

కడప_కార్బన్
పాలు పొంగినట్టు! ఇది నేను వాడుకుంటా.

నల్లమల_నీడ
మన దగ్గర కూడా 2025లో వచ్చిన గోల్ఫ్ జీటీఐ డీఎస్జీతోనే వచ్చింది. 265 పీఎస్. మాన్యువల్ కావాలనుకునేవాళ్ళకి దారులు తగ్గుతున్నాయి. టాటా ఆల్ట్రోజ్ రేసర్ 2024లో మాన్యువల్‌లో మాత్రమే వచ్చింది, 120 పీఎస్. హ్యుందాయ్ వెర్నా టర్బోలో రెండూ ఉన్నాయి, 160 పీఎస్. మలుపు గారు దాన్ని కూడా ఒకసారి నడిపి చూడాల్సింది.

చెన్నై_ట్రాక్‌డే
ఒంగోలు వాణ్ణి, చెన్నైలో ఉద్యోగం. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద రెండేళ్ళు మాన్యువల్‌తో, ఒక ఏడాది డ్యుయల్ క్లచ్‌తో తిరిగాను. 3.7 కిలోమీటర్ల చుట్టు.

మాన్యువల్‌తో మొదటి ఆరు నెలలు నా బుర్ర సగం గేర్ల మీదే ఉండేది. బ్రేక్ తొక్కుతూ అదే కాలి పక్కతో యాక్సిలరేటర్‌ని ఒక్క దెబ్బ కొట్టి, క్లచ్ వదిలి, అప్పుడు మలుపు తిప్పాలి. అది కుదిరిన రోజున బండి ముక్కు కిందికి వంగి, కుదుపు లేకుండా లోపలికి జారిపోతుంది. ఆ సంతోషం చెప్పలేను. కుదరని రోజున మూడు నుంచి నాలుగుకి బదులు రెండులో పడింది. ఇంజిన్ అరిచిన అరుపు ఇప్పటికీ కలలో వస్తుంది. కవాటాలు వంగాయి, మూడు నెలలు బండి షెడ్డులోనే ఉంది. డ్యుయల్ క్లచ్ ఆ తప్పు చేయనివ్వదు, అడిగినా ఆ గేరు ఇవ్వదు.

డ్యుయల్ క్లచ్‌కి మారాక మొదటి రోజే నా ల్యాప్ మెరుగైంది. గేర్ల మీద పెట్టే బుర్ర బ్రేకింగ్ పాయింట్ మీద, చూపు మీద పెట్టగలిగాను. మలుపు మధ్యలో బండి బరువు ఎటు వెళ్తోందో అప్పుడే నాకు సరిగ్గా తెలిసింది. అంటే మాన్యువల్ నాకు ఒకటి నేర్పింది, ఇది ఇంకోటి నేర్పింది. ట్రాక్ కోసమే అయితే నేను మళ్ళీ మాన్యువల్‌కి వెళ్ళను. ఇంటికి తిరిగి వచ్చే దారిలో మాత్రం మాన్యువలే కావాలనిపిస్తుంది.

స్టాప్‌వాచ్_సుబ్బు
టయోటా అదే పని చేసింది. జీఆర్ యారిస్ 2020లో మాన్యువల్‌తోనే వచ్చింది, 2024లో ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ జోడించారు. రేసుల్లో పరీక్షించి మరీ తెచ్చారు.

అరకు_హెయిర్‌పిన్
వైజాగ్ వాణ్ణి. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది, నెలకి నాలుగు సార్లు పోతాను. ఎక్కేటప్పుడు ఏ గేర్‌బాక్సైనా బాగానే ఉంటుంది. దిగేటప్పుడే అసలు కథ. ఆటోమేటిక్‌లో డీ పెట్టుకుని బ్రేక్ మీదే దిగేవాళ్ళని రోజూ చూస్తాను. అనంతగిరి దగ్గర ఆపి చూస్తే చక్రాల నుంచి కాలిన వాసన. బ్రేకులు వేడెక్కితే పెడల్ లోపలికి వెళ్తుంది కానీ బండి ఆగదు. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులో దిగాలి అని మా లారీ డ్రైవర్లు చెప్పే మాట. డీఎస్జీ తీసుకుంటే ప్యాడిల్‌తో రెండు లేదా మూడులో పెట్టుకుని దిగండి. మాన్యువల్ వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, చేయి దానంతటదే పోతుంది.

నల్లమల_నీడ
శ్రీశైలం గురించి ఒక మాట. దోమలపెంట దాటాక డ్యామ్ దాకా దిగే మలుపులు అద్భుతం, నిజమే. కానీ దానికి ముందంతా పులుల అభయారణ్యం. రోడ్డు మీదికి జింకలు, కోతులు వస్తాయి. ఏ గేర్‌బాక్స్ అయినా అక్కడ నెమ్మదిగానే పోవాలి. దయచేసి.

మియాపూర్_మలుపు
తప్పకుండా. అక్కడ నేను 50 దాటను.

సాగర్_గట్టు
మీరంతా గేర్ల గురించి కొట్టుకుంటున్నారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు చూశాను. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్లలో మార్చుకోవడానికి గేర్లే లేవు, ఒకే ఒక్క గేరు. నెక్లెస్ రోడ్డు మీద సెక్రటేరియట్ ముందు నుంచి ఈల వేసినట్టు పోయాయి. ఇంకో పదేళ్ళకి ఈ ప్రశ్న అడిగేవాళ్ళు ఉండరు.

మూడోపెడల్
ఉంటారు. హ్యుందాయ్ ఐయానిక్ 5 ఎన్ చూడండి. 650 పీఎస్ కరెంటు బండి, గేర్లు అక్కర్లేదు. అయినా ఎనిమిది గేర్లు ఉన్నట్టు సాఫ్ట్‌వేర్‌తో నటింపజేశారు, ప్యాడిల్ లాగితే కుదుపు, శబ్దం కూడా ఇస్తుంది. గేరు లేని చోట కూడా గేరు కావాలని అడిగే మనుషులు ఉన్నారు కాబట్టే కదా.

ఆటోనగర్_స్పానర్
మలుపు గారూ, ఒక ప్రశ్న. మీ ఇల్లు మియాపూర్, ఆఫీసు రాయదుర్గం. రెండు చివర్లా మెట్రో స్టేషనే ఉంది. ఆఫీసుకి బండి తీయడం తప్పనిసరా? ఈ చర్చలో సగం ఆ ట్రాఫిక్ గురించే నడుస్తోంది.

మియాపూర్_మలుపు
ఈ కోణం నాకు తట్టనే లేదు. అమీర్‌పేటలో మారాలి, చుట్టుదారి అని ఎప్పుడూ ప్రయత్నించలేదు. ఈ వారం చూస్తాను.

గచ్చిబౌలి_గడియారం
మాన్యువల్ వాళ్ళు గెలవడం కోసం మెట్రో ఎక్కిస్తున్నారు :)

మియాపూర్_మలుపు
తొమ్మిది రోజుల తర్వాత చెప్తున్నాను. నాలుగు రోజులు మెట్రోలో వెళ్ళాను. బండిలో పట్టే సమయమే దాదాపు పట్టింది, కానీ చదువుకుంటూ వెళ్ళాను. ఒక రోజు స్నేహితుడి డీఎస్జీ అడిగి ఆఫీసుకి వెళ్ళాను, ఇంకో స్నేహితుడి మాన్యువల్‌తో ఆదివారం శ్రీశైలం వెళ్ళాం. దోమలపెంట దిగేటప్పుడు స్టీరింగ్ మా ఆవిడకి ఇచ్చాను. మూడో మలుపు దగ్గర మూడు నుంచి రెండుకి దించి, బ్రేక్ దాదాపు తాకకుండా తిప్పింది. డ్యామ్ దగ్గర ఆపి, "అడగక్కర్లేదు, గేర్ బండే" అంది. మోకాలు సంగతి అడిగితే, "నొప్పి వచ్చిన రోజు చూద్దాం" అంది.

మాన్యువల్ బుక్ చేశాం. డెలివరీ ఆరు వారాల్లో అన్నారు. ట్రాఫిక్‌లోనే రోజూ నడపాల్సి వస్తే నేను కళ్ళు మూసుకుని డీఎస్జీ, దానితో పాటు పొడిగించిన వారంటీ తీసుకునేవాణ్ణి, అది కూడా రాస్తున్నాను.

ఆటోనగర్_స్పానర్
శుభం. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఇంజిన్‌ని మరీ ఎక్కువ ఆర్పీఎంకి లాగకండి. టాప్ గేరులో నెమ్మదిగా ఈడ్చనూ వద్దు.

మూడోపెడల్
మీ ఆవిడ గారికి నా నమస్కారాలు చెప్పండి.

ఎడమకాలు
బండి వచ్చాక శ్రీశైలం వెళ్దామా? నేను నా డ్యుయల్ క్లచ్ తెస్తాను. దిగేటప్పుడు ఎవరు తక్కువ బ్రేక్ వాడతారో చూద్దాం.

మియాపూర్_మలుపు
తప్పకుండా. ఆదివారం ఉదయం 6కి మన్ననూరు చెక్‌పోస్ట్ దగ్గర. రాత్రి మూసిన గేటు అప్పుడే తెరుస్తారు.

మూడోపెడల్
నేనూ వస్తాను. ఎడమకాలు గారూ, మీ పక్క సీటు ఖాళీ ఉంటే చెప్పండి.

ఎడమకాలు
మీ కోసం ఉంచుతాను.